నీడిల్‌పాయింట్: 60 డాలర్లు పెట్టి స్టిచ్ గైడు కొనాలా, షాపు వాళ్ళని అడిగితే సరిపోతుందా?

ముందుగా మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు చెప్తాను. న్యూజెర్సీలో ఒక నీడిల్‌పాయింట్ షాపులో చేత్తో పెయింట్ చేసిన కాన్వాసు కొన్నారు. నీలం తెలుపు జింజర్ జార్ (మూత ఉండే గుండ్రటి పింగాణీ జాడీ), అందులో గులాబీరంగు పియొనీ పూలు, 8 బై 10 అంగుళాలు, 18 మెష్. దిండు చేయించాలని మీ ఆలోచన. కాన్వాసుకి 165 డాలర్లు, దారాలకి ఇంకో 90 అయింది. జార్ వెనక ఖాళీగా ఉన్న తెల్లభాగానికి ఏ కుట్టు బాగుంటుందని అడిగితే కౌంటర్లో ఆవిడ "అది స్టిచ్ గైడులో ఉంటుంది, 60 డాలర్లు" అనేసి పక్క కస్టమర్ వైపు తిరిగింది. మీకు చిన్నతనంగా అనిపించింది. ఇప్పుడు అడుగుతున్నవి మూడు: గైడు లేకుండా ఇది కుట్టలేమా, ఈ షాపులన్నీ ఇంతేనా, ఇదే కాన్వాసు కుట్టిన ఫ్రెండ్ దగ్గరున్న గైడు జిరాక్స్ తీసుకోవచ్చా.

గైడు అక్కర్లేదు. మీ కాన్వాసు మొత్తం ఒకే టెంట్ కుట్టులో, అంటే పోగులు కలిసే ఒక్కో కూడలి మీద ఒక్కో చిన్న వాలు కుట్టుగా కుట్టినా అందంగా వస్తుంది. జార్ వరకైతే అలాగే కుట్టాలి కూడా. షాపులన్నీ అలా ఉండవు, ఆవిడ మాట తీరు తప్పే, కానీ ఆవిడ వైపు నుంచి చెప్పాల్సింది కొంత ఉంది. జిరాక్స్ మాత్రం వద్దండీ.

నేను డాలస్ దగ్గర ఒక నీడిల్‌పాయింట్ షాపులో తొమ్మిదేళ్ళుగా వారానికి మూడు రోజులు పనిచేస్తున్నాను. దారాలు తీసిచ్చే పనితో మొదలుపెట్టాను, నాలుగేళ్ళుగా గైడులు కూడా రాస్తున్నాను. అంటే గైడులు అమ్ముకునే మనిషే మీకు గైడు వద్దంటోంది.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం రెండు మాటలు. చిన్నప్పుడు మ్యాటీ క్లాత్ మీద క్రాస్ స్టిచ్ కుట్టినవాళ్ళకి ఈ పని తొందరగానే అర్థమవుతుంది. మ్యాటీ మీద కుట్టు లేనిచోట బట్ట కనిపిస్తుంది. నీడిల్‌పాయింట్ కాన్వాసు జల్లెడలా గట్టిగా, చిల్లులు చిల్లులుగా ఉంటుంది, దాన్ని దారంతో పూర్తిగా కప్పేయాలి. బొమ్మ చార్టులో కాకుండా కాన్వాసు మీదే రంగులతో వేసి ఉంటుంది. 18 మెష్ అంటే అంగుళానికి 18 పోగులు, చదరపు అంగుళానికి 324 కుట్లు. మీ 80 చదరపు అంగుళాలకి 25,920 కుట్లన్నమాట. భయపడకండి, నా చేతికి చదరపు అంగుళానికి గంట పడుతుంది, కొత్తలో గంటన్నర పట్టేది. టీవీ ముందు కూర్చుని రోజుకో అంగుళం చేసినా మూడు నెలల్లో అయిపోతుంది.

ఇక గైడు సంగతి. గైడు అంటే కుట్టడం నేర్పే పుస్తకమని చాలామంది అనుకుంటారు. కాదు. కాన్వాసుని భాగాలుగా విడగొట్టి, ఏ భాగానికి ఏ దారం, ఎన్ని పోగులు, ఏ కుట్టు, దేని తర్వాత ఏది అని వేరొకరు మీ తరఫున ముందే ఆలోచించి రాసిపెట్టిన కాగితాలు అవి. మొదటి పేజీలో దారాల జాబితా, రంగు నంబర్లు ఉంటాయి. తర్వాత భాగాలవారీగా కుట్ల బొమ్మలు. ఆ బొమ్మల్లో సాధారణంగా బేసి అంకె దగ్గర సూది పైకి వస్తుంది, సరి అంకె దగ్గర కిందికి వెళ్తుంది. ఇదొక్కటి తెలియక ఒకావిడ గైడు కొని నెల్లాళ్ళు పక్కన పెట్టేసింది. అది కూడా షాపులో మేమే చెప్పాల్సింది, చెప్పలేదు.

కాబట్టి మీరు 60 డాలర్లు ఇచ్చేది ఆ ఆలోచనకి. నేను ఒక ఓ మోస్తరు కాన్వాసుకి గైడు రాయాలంటే ముందు దాన్ని కుట్టి చూడాలి, నచ్చనిది విప్పాలి, మళ్ళీ కుట్టాలి. ఇరవై గంటల పైనే పడుతుంది. ఆ గైడు ఎన్ని కాపీలు పోతుంది? ఒక్కోసారి నాలుగు. జిరాక్స్ వద్దనడానికి కారణం కూడా ఇదే. రాసినవాళ్ళకి హక్కు ఉంటుంది, కాపీ తీయడం చట్టప్రకారం కూడా తప్పే. మీ ఫ్రెండ్ తన పని అయిపోయాక ఆ గైడునే మీ చేతిలో పెడితే అది వేరు, పుస్తకం అరువు తీసుకున్నట్టు. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆవిడది కూడా 18 మెషేనా చూడండి. ఒకే బొమ్మని 13 మెష్ మీద, 18 మెష్ మీద రెండు రకాలుగా పెయింట్ చేసి అమ్ముతుంటారు. 13కి రాసిన గైడులో లెక్కలు 18 మీద కలవవు, దారం లావు సరిపోదు. మా షాపులో ఒక కస్టమర్ ఎక్కడో ఆన్‌లైన్లో గైడు కొని తెచ్చుకుని, మూడు పువ్వులు కుట్టాక దారం చిల్లులోంచి దూరడం లేదని వచ్చింది. ఆ పోగు 13కి సరిపడే లావు. విప్పడం తప్ప చేయగలిగింది ఏమీ లేకపోయింది.

గైడు కొనుక్కోమని నేను చెప్పే సందర్భాలు కొన్ని ఉన్నాయి. క్రిస్మస్ స్టాకింగ్ లాంటి పెద్ద కాన్వాసు, అందులో మంచు, చెట్లు, ఇటుక గోడ, శాంటా గడ్డం అన్నీ ఉన్నప్పుడు కొనండి. అలాంటి వాటిలో అసలు చిక్కంతా వరసలోనే ఉంటుంది. గడ్డానికి టర్కీ వర్క్ అని ఒకటుంది, దారాన్ని ఉచ్చులు ఉచ్చులుగా తీసి తర్వాత కత్తిరిస్తే బొచ్చులా లేస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది కాబట్టి అందరికీ ముందు అదే కుట్టాలనిపిస్తుంది. ముందు కుట్టారంటే పక్కన వేసే ప్రతి కుట్టూ ఆ బొచ్చులో చిక్కుకుంటుంది. ఎత్తుగా లేచే కుట్లన్నీ చివరకే. మంచి గైడు ఈ సంగతి మొదటి పేజీలోనే చెప్తుంది. అలాగే లోహపు దారాలు, పూసలు, ఆర్గంజా ముక్కలు కలిపి చేసే కాన్వాసులకి గైడు దండగ కాదు.

బెల్టులు, కళ్ళజోడు సంచులు, కుర్చీ సీట్లు, డోర్‌స్టాపులుగా వాడే ఇటుక కవర్లు, ఇలా ఒరిపిడికి గురయ్యేవాటికి గైడు అమ్మేవాళ్ళుంటే వద్దని చెప్పి వచ్చేయండి. వాటికి బేస్కెట్‌వీవ్ ఒక్కటే, అంటే టెంట్ కుట్టునే ఏటవాలు వరసల్లో వేయడం. అనుభవంతో చెప్తున్నాను. నేను రెండో ఏడాదిలో మా ఆయనకి కళ్ళజోడు సంచి కుట్టాను, గొప్పగా ఉండాలని పట్టుదారంతో అరంగుళం పొడవు కుట్లు వేశాను. ఆయన దాన్ని తాళాలతో పాటు జేబులో వేసుకున్నారు. ఆరు వారాల్లో పోగులన్నీ లేచి పిచ్చుకగూడులా తయారైంది. పాపం ఆయన ఇప్పటికీ పారేయలేదు, సొరుగులో ఉంది.

దిండు ఈ రెండింటికీ మధ్యస్తం. సోఫా మూలన అలంకారానికి పెట్టేదైతే కొంచెం ఆడంబరం చేయొచ్చు. పిల్లలు తలకింద పెట్టుకునేదైతే పొట్టి కుట్లతో ఆగిపోండి.

ఇప్పుడు మీ జార్ దగ్గరికి వద్దాం, గైడు లేకుండా మీ పని ఎలా నడుస్తుందో చూద్దాం.

జార్ మీద నీలం గీతలున్నాయి కదా, బ్రష్షుతో సన్నగా లాగినవి. వాటిని పెద్ద పెద్ద అలంకారపు కుట్లతో కప్పితే ఆ గీతలు మాయమైపోతాయి, జార్ కాస్తా నీలం మచ్చలా మిగులుతుంది. అందుకే జార్ మొత్తం టెంట్ కుట్టే, ఒక్కో కూడలికి ఒక్కో కుట్టు, అన్నీ ఒకే దిక్కుకి వాలి ఉండాలి, కింద ఎడమ నుంచి పైన కుడికి. మరి జార్ పింగాణీలా మెరవాలంటే? కుట్టు మార్చేముందు దారం మార్చి చూడండి. షాపులో నేను రోజుకి పదిసార్లు చెప్పే మాట ఇది. జార్‌కి పట్టు గానీ పెర్ల్ కాటన్ (మెలితిప్పిన, మెరిసే నూలు దారం) గానీ వాడి, వెనక భాగానికి మెరుపు లేని దారం వాడితే, కుట్టు ఒకటే అయినా జార్ ముందుకొచ్చి నిలబడుతుంది. మీరు కొన్న 90 డాలర్ల దారాల్లో ఏమేమున్నాయో రాయలేదు. అన్నీ ఒకే రకం దారమైతే తెల్లవి మాత్రం మార్చుకోండి. విప్పని లచ్చిలు చాలా షాపులు వెనక్కి తీసుకుంటాయి, బిల్లు తీసుకెళ్ళండి.

పువ్వుల్లో మాత్రం స్వేచ్ఛ ఉంది. పెద్ద రేకులుంటే, రేకు పెరిగే దిక్కుకి పొడుగు పొట్టి కుట్లు వేయొచ్చు. రేకు వెడల్పు అరంగుళం కన్నా తక్కువ ఉందా, దాని జోలికి పోకుండా టెంట్ కుట్టే వేసేయండి. చిన్న చోట్లో పెద్ద కుట్టు వేస్తే కుట్టు ఆకారం తెలియకముందే అంచు వచ్చేస్తుంది. అంచు దగ్గర కుట్టుని తగ్గించి సర్దడాన్ని కాంపెన్సేషన్ అంటారు. కొత్తవాళ్ళు ఏడ్చేది ఇక్కడే. గైడుల్లో బొమ్మ చక్కని చతురస్రంలో గీసి ఉంటుంది, మీ పువ్వు రేకేమో వంకరగా ఉంటుంది. ఆ వంకర దగ్గర ఏ కుట్టు ఎంత తగ్గాలో ఏ గైడూ పూర్తిగా చెప్పదు, చెప్పలేదు. నేను చేసే పద్ధతి ఇది: భాగం మధ్యలో, ఎక్కువ వెడల్పున్న చోట ఒక వరస పూర్తిగా కుట్టి, అక్కణ్ణుంచి రెండు పక్కలకీ వెళ్తాను. అంచుకి చేరాక పూర్తి కుట్టు పట్టకపోతే, అది ఎక్కడ మొదలవ్వాలో అక్కడే మొదలుపెట్టి, అంచు దగ్గర ఆపేస్తాను. అంచు మీద నుంచి మొదలుపెడితే మూడో వరసకే లెక్క తప్పుతుంది.

ఆకులకి అలంకారం ఏమీ చేయకండి, టెంట్ కుట్టే చాలు. నా మాట వినండి.

వెనక భాగం, అంటే మీరు అడిగిన అసలు ప్రశ్న. ఆవిడ చెప్పాల్సిన జవాబు నేను చెప్తాను, అరనిమిషం పని: మొజాయిక్ కుట్టు వేయండి. పొట్టి, పొడుగు, పొట్టి అని మూడు వాలు కుట్లతో ఒక చిన్న గడి అవుతుంది, రెండు పోగులు వెడల్పు, రెండు పోగులు ఎత్తు. సన్నటి గళ్ళ బట్టలా కనిపిస్తుంది, కాన్వాసుని పూర్తిగా కప్పుతుంది, పోగు పొడవు తక్కువ కాబట్టి ఉంగరానికి, గాజులకి తగులుకోదు. చిన్న గడి కావడంతో జార్ వంపుల దగ్గర సర్దడమూ తేలికే. ఇంకొంచెం కదలిక కావాలంటే కాష్మీర్ కుట్టుంది, అదే గడి కొద్దిగా పొడుగ్గా, రెండు పోగుల వెడల్పు, మూడు పోగుల ఎత్తు. స్కాచ్ కుట్టు మీ కాన్వాసుకి వద్దు, గడి పెద్దది, జార్ కన్నా ముందు కంటికి అదే కనిపిస్తుంది.

ఈమధ్య అందరూ వెనక భాగానికి స్కిప్ టెంట్ లాంటి పలచటి కుట్లు వేస్తున్నారు, ఒక కూడలి వదిలి ఒక కూడలి కుట్టడం. పని సగానికి సగం తగ్గుతుంది, కాదనను. కానీ అందులో కాన్వాసు కనిపిస్తుంది, వెనక నుంచి ఏ దారం అడ్డంగా పోయినా నీడలా తెలుస్తుంది. జార్ నీలం దారాన్ని వెనకవైపు నుంచి ఒక చోట నుంచి ఇంకో చోటికి లాక్కెళ్ళారనుకోండి, తెల్లటి పలచటి కుట్టు కింద అది నరంలా కనిపిస్తుంది. పైగా దిండుకి ఆ పలచటి పని అంతగా ఆగదు. గోడకి వేలాడదీసేదానికైతే బాగుంటుంది.

దారం ఎంత కావాలో కూడా మీరే లెక్కేసుకోవచ్చు, షాపు వాళ్ళు రెండు లచ్చిలు ఎక్కువ అంటగట్టారేమోనన్న అనుమానం ఉండదు. 18 మెష్ మీద బేస్కెట్‌వీవ్‌లో ఒక కుట్టుకి ముందువైపు, వెనకవైపు కలిపి అంగుళంలో ఐదో వంతు కన్నా కాస్త తక్కువ దారం పడుతుంది. 324తో గుణిస్తే చదరపు అంగుళానికి దాదాపు 1.7 గజాలు. మీ వెనక భాగం సగం కాన్వాసు అనుకుంటే 40 చదరపు అంగుళాలు, 68 గజాలు. మొదట్లో చివర్లో కత్తిరింపులు, విప్పుళ్ళు కలుపుకుని 80 గజాలు వేసుకోండి. డీఎంసీ కంపెనీ ఆరు పోగుల కాటన్ లచ్చి 8 మీటర్లు, గజాల్లో 8.7. 18 మెష్ మీద నాలుగు పోగులు వాడతాం, మిగిలిన రెండు పోగుల్ని పక్క లచ్చిలోని రెండుతో జతచేస్తాం. అలా ఒక లచ్చి 13 గజాల పని చేస్తుంది. 80కి ఏడు లచ్చిలు. పెర్ల్ కాటన్ 5వ నంబరైతే లచ్చి 25 మీటర్లు, లెక్కకి మూడు, భయానికి నాలుగు.

అన్నీ ఒకేసారి కొనండి. పట్టు, ఉన్ని, చేత్తో రంగు అద్దిన దారాలకి డై లాట్ నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు ఉంటుంది, లాట్ మారితే రంగు వెంట్రుకవాసి మారుతుంది. ఈ విషయంలో నా తప్పు ఒకటి చెప్పాలి. చేరిన మొదటి ఏడాది ఒక పెద్దావిడకి లేత నీలం ఉన్ని తొమ్మిది లచ్చిలు తీసిచ్చాను, అందులో రెండు వేరే లాట్‌వి. చూసుకోలేదు. ఆవిడ ఆకాశం మొత్తం కుట్టాక గానీ తెలియలేదు, మధ్యలో చీర అంచులా ఒక పట్టీ. షాపుకి తెచ్చి బల్ల మీద పరిచి ఏమీ అనలేదు, చూస్తూ నిలబడింది. అరిచినా బాగుండేది. నేను దాన్ని ఇంటికి తెచ్చుకుని మూడు రాత్రులు ఆ పట్టీ విప్పి మళ్ళీ కుట్టి ఇచ్చాను. ఆవిడ ఇప్పటికీ మా షాపుకే వస్తుంది, దారం తీసిచ్చేటప్పుడు కళ్ళజోడు పెట్టుకున్నావా అని అడుగుతుంది.

దారాల గురించే ఇంకో ప్రశ్న ఎప్పుడూ వస్తుంది కాబట్టి చెప్పేస్తాను. ఇండియా నుంచి తెచ్చుకున్న యాంకర్ కాటన్ లచ్చిలు నిక్షేపంగా పనికొస్తాయి, అవీ ఆరు పోగులవే, 8 మీటర్లవే. మగ్గం వర్కుకి వాడే జరీ, జర్దోసీ కూడా తెస్తుంటారు. వాటిని చిల్లుల్లోంచి లాగితే తెగిపోతాయి, నలిగిపోతాయి. పైన పరిచి సన్నదారంతో అక్కడక్కడ పట్టి కుట్టాలి. చవకరకం జరీ నల్లబడుతుంది, దిండుకి వద్దు. ముదురు ఎరుపు దారం ఏదైనా సరే, ముందు తడిపిన తెల్ల గుడ్డలో పెట్టి నొక్కి చూడండి. పని అయ్యాక వంకరపోయిన కాన్వాసుని తడిపి సాగదీసి పిన్నులు కొట్టి ఆరబెడతారు, రంగు దిగేదైతే అప్పుడు దిగుతుంది.

వంకర అంటే గుర్తొచ్చింది. కాన్వాసుని చేతిలో పట్టుకుని కుట్టకండి, ఫ్రేముకి బిగించండి. బొమ్మ చుట్టూ రెండేసి అంగుళాలు వదిలి ఉంటే మీ కాన్వాసు 12 బై 14 ఉంటుంది, 12వి ఒక జత, 14వి ఒక జత స్ట్రెచర్ బార్లు (ఫ్రేముగా బిగించే కర్ర పట్టీలు) సరిపోతాయి. సూది 22వ నంబరు, మొన మొండిగా ఉండేది. బేస్కెట్‌వీవ్ వరసలు ఏటవాలుగా పైకి ఒకటి, కిందికి ఒకటి నడుస్తాయి. కాన్వాసు నేతని దగ్గరగా చూస్తే కొన్ని కూడళ్ళలో అడ్డపోగు పైన ఉంటుంది, కొన్నింట్లో నిలువుపోగు. అడ్డపోగు మెట్టు, మెట్టు మీద పైకెక్కాలి. నిలువుపోగు స్తంభం, స్తంభం మీద కిందికి జారాలి. ఇలా కుడితే వెనకవైపు నిజంగా బుట్ట అల్లికలా వస్తుంది, మధ్యలో ఆపి రెండు రోజుల తర్వాత మళ్ళీ మొదలుపెట్టినా గాటు కనిపించదు. మెట్లూ స్తంభాలూ మామూలు మోనో కాన్వాసు మీదే కనిపిస్తాయి, ఇంటర్‌లాక్ కాన్వాసు మీద వెతక్కండి, ఆ నేత వేరు.

ఏ కుట్టయినా ముందు పనికిరాని కాన్వాసు ముక్క మీద రెండంగుళాలు కుట్టి చూడండి. మాది నర్సాపురం దగ్గర. మా అమ్మమ్మ లేసు అల్లేది, ఏజెంటు దారం ఇచ్చి వెళ్ళి, లేసు తీసుకెళ్ళేవాడు. కాగితం మీద డిజైన్ అంటూ ఏదీ ఆవిడ చూసిన గుర్తు నాకు లేదు. పెట్టెలో నమూనా ముక్కలుండేవి, అరచేతిలో ఒక ముక్క పెట్టుకుని చూస్తూ అల్లేసేది. నేనిప్పుడు షాపులో చేస్తున్నదీ అదే, నా దగ్గర ఒక పెద్ద కాన్వాసు నిండా నమూనా గళ్ళే. కస్టమర్‌కి మాటల్లో చెప్పడం కన్నా అది ముందు పెడితే తేలిగ్గా తెలుస్తుంది.

ఇక షాపుల సంగతి. మీకు జరిగింది శనివారం మధ్యాహ్నం అయ్యుంటుందని నా ఊహ. శనివారాలు మా షాపులో ఇద్దరం ఉంటాం, ఎనిమిది మంది కస్టమర్లుంటారు, అందులో ముగ్గురికి దారాలు తీయాలి. ఒక కాన్వాసుకి దారాలు తీయడమంటే పెయింటులో ఉన్న ఒక్కో రంగుని పగటి వెలుగులో దారంతో పోల్చి చూడటం, ఇరవై రంగులుంటే ముప్పావుగంట. మేము ఆ పనికి వేరే డబ్బు తీసుకోం, దారాల అమ్మకంలోనే రావాలి. కొంతమంది ఆ ముప్పావుగంటా చేయించుకుని, నంబర్లు ఫోన్లో ఫొటో తీసుకుని, దారాలు ఆన్‌లైన్లో కొనుక్కుంటారు. అలాంటివాళ్ళని వారానికి ఇద్దర్ని చూశాక కౌంటర్లో మనిషికి ఒక మొద్దుతనం వస్తుంది. ఆవిడ మొద్దుతనానికి నా దగ్గరున్న సంజాయిషీ ఇంతే.

అయినా ఆవిడది తప్పే అంటాను. మీరు అప్పటికే ఆ కౌంటర్లో 255 డాలర్లు ఖర్చుపెట్టారు. ఒక కుట్టు పేరు చెప్పడం అమ్మకంలో భాగం, అది గైడు కాదు. వెనక భాగానికి ఒక కుట్టు, దారం ఎన్ని పోగులు, సూది నంబరు, ఎక్కడ మొదలుపెట్టాలి, ఈ నాలుగూ షాపు వాళ్ళు అడగకుండానే చెప్పాలి. కాన్వాసు మొత్తం భాగం భాగంగా కూర్చుని ఆలోచించి చెప్పమంటే అది గైడు, దానికి డబ్బు అడగడం న్యాయం. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో కౌంటర్లో ఉన్నవాళ్ళకి తెలిసుండాలి. నిరుడు ఒకమ్మాయి సరిగ్గా మీ ప్రశ్నే అడిగింది, ఆకాశానికి ఏ కుట్టు అని. నమూనా కాన్వాసు తీసి రెండు చూపించాను, ఐదు నిమిషాలు పట్టింది. ఆ అమ్మాయికి గైడు అమ్మలేదు. ఆ తర్వాత ఐదు కాన్వాసులు కొంది, స్టాకింగ్‌కి గైడు తనే అడిగి రాయించుకుంది.

కొత్తవాళ్ళని, అందులోనూ మనవాళ్ళని, కొన్ని షాపుల్లో కొంచెం వింతగా చూస్తారన్నది కూడా దాచక్కర్లేదు. నేను ఈ దేశంలో మొదటిసారి ఒక నీడిల్‌పాయింట్ షాపులోకి వెళ్ళినప్పుడు ఎవరి ఆర్డరు తీసుకెళ్ళడానికి వచ్చావని అడిగారు. నా కోసమే కొనుక్కుంటానేమో అన్న ఆలోచన వాళ్ళకి రాలేదు. చేతిలో కుట్టిన ముక్క ఒకటి ఉంటే ఆ చూపు వెంటనే మారుతుంది, అది నేను కనిపెట్టిన ఉపాయం. మీరు క్రాస్ స్టిచ్ బాగా కుడతారని రాశారు కదా, ఒకటి సంచిలో వేసుకుని వెళ్ళండి.

మళ్ళీ అదే షాపుకి వెళ్తే వారం మధ్యలో పొద్దున్నే వెళ్ళండి, ముందు ఫోన్ చేసి ఒక పావుగంట కావాలని చెప్పండి. "ఏ కుట్టు వేయాలి" అని కాకుండా "ఇది దిండు, వెనక భాగానికి మొజాయిక్ అనుకుంటున్నాను, మీరైతే ఏం చేస్తారు" అని అడగండి. మనం ముందు ఒకటి అనుకుని వెళ్తే ఎదుటివాళ్ళకి సరిదిద్దాలని బుద్ధి పుడుతుంది, మనుషుల స్వభావం అంతే. చాలా షాపుల్లో వారానికి ఒకసారి అందరూ బల్ల చుట్టూ కూర్చుని కుట్టుకునే పూట ఉంటుంది, అడగండి. అక్కడ పక్కన కూర్చున్న డెబ్బై ఏళ్ళ ఆవిడ చెప్పేది ఏ గైడులోనూ ఉండదు. దగ్గర్లో అమెరికన్ నీడిల్‌పాయింట్ గిల్డ్ శాఖ ఉందేమో కూడా చూడండి. వేరేచోట కొన్న కాన్వాసు పట్టుకెళ్ళి సలహా అడిగితే మాత్రం దారాలైనా అక్కడే కొనండి.

ఆఖరుగా మీరు అడగనిది, కానీ డబ్బుతో కూడినది. దిండు ఫినిషింగ్ ఖర్చు ముందే కనుక్కోండి. బట్ట, పైపింగ్, కుట్టుకూలి కలిపి చాలాసార్లు కాన్వాసు ధరని దాటుతుంది, కొత్తవాళ్ళు అక్కడ హడలిపోతారు. పని చాలా షాపులు బయట ఫినిషర్లకి పంపుతాయి, నెలలు పడుతుంది. క్రిస్మస్‌కి కావాల్సినవి మా షాపులో వేసవి చివరికల్లా తీసుకోవడం ఆపేస్తాం. మీ ఇంట్లో కుట్టు మిషన్ ఉండి, చేతనవుతుందనుకుంటే దిండు మీరే కుట్టుకోవచ్చు, వెల్వెట్ వెనక వేసి జిప్ పెట్టండి. బ్లౌజులు కుట్టిన చేతికి అదేం పెద్ద పని కాదు. కుట్టు గీతని మాత్రం బొమ్మ అంచు మీద కాకుండా ఒక వరస లోపలికి వేయండి, లేకపోతే తిప్పాక అంచుల్లో తెల్ల కాన్వాసు కనిపిస్తుంది.

కాన్వాసు ఫొటో పగటి వెలుగులో తీసి ఇక్కడ పెట్టండి. ఆ పువ్వుల్లో ఏ రేకులకి పొడుగు కుట్టు ఆగుతుందో చూసి చెప్తాను.